ఒకే గీతలో రెండిళ్లు

మా ఉస్తాద్ పోయారన్న మాట నాకు పెబ్బేరు సంతలో తెలిసింది. ఒకరికి ఇంటి పటం ఇచ్చి రావడానికి వెళ్లాను. ఎడ్లను తోలుకుపోయే వాళ్ల కేకల మధ్య ఫోను సరిగా వినబడలేదు. వనపర్తి దవాఖాన నుంచి ఆయన కూతురు. "అన్నా, అబ్బా పోయిండు" అంది. మళ్లీ అదే మాట అంది. బండిలో గద్వాలకు తీసుకొస్తున్నామని, దారిలో నన్ను ఎక్కించుకుంటామని చెప్పింది.

రోడ్డు పక్కన నిలబడ్డాను. సంత రోజు కాబట్టి ఎటు చూసినా ఎడ్లు, ట్రాలీలు, బేరాలు. ఒకాయన నా పక్కనే ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తున్నాడు. బండి వచ్చి ఆగింది. వెనక తలుపు తీసి ఎక్కి, ఆయన పాదాల దగ్గర కూర్చున్నాను. కృష్ణ వంతెన మీద ఆయన అల్లుడు, "నిన్న పొద్దున గూడ అడిగిండు. ఆఫీసుకు పోయే దినం యాది ఉందా సావుకార్‌కని" అన్నాడు.

సావుకార్ అంటే నేనే. నాకు ఏ రోజు లెక్క ఆ రోజు రాసుకునే అలవాటు ఉంది. అందుకని ఉస్తాద్ నన్ను ఎప్పుడూ అలాగే పిలిచేవారు. "ఏంది సావుకార్, ఇయ్యాల నేనెన్నిసార్లు దగ్గిన్నో అది గూడ రాసినవా" అనేవారు. ఆఫీసుకు వెళ్లే రోజు నాకు గుర్తుంది. ఆ సంగతి చెప్పాలంటే ముందు ఆయన పని ఏమిటో చెప్పాలి.

గద్వాలలో మాది పటాలు గీసే దుకాణం. ఇంటి ప్లాన్లు, వెంచర్ల లేఅవుట్లు, ఊరి పటాలు గీస్తాం. ఉస్తాద్ చేతితో గీసే కాలం మనిషి. పల్చటి ట్రేసింగ్ కాగితం మీద సిరా కలంతో గీసేవారు. తప్పు పడితే బ్లేడుతో మెల్లగా గీకి, ఆ చోటును గోటితో నున్నగా రుద్ది, దాని మీద మళ్లీ గీసేవారు. కంప్యూటర్లు వచ్చాక అందరికంటే ముందు ఆయనే నేర్చుకున్నారు గాని, ఒక మాట మాత్రం వదల్లేదు. "కాయిదం మీద గీకిన తాన మచ్చ ఉంటది. ఆ మచ్చను చూస్తే ఏం పోయిందో యాదికొస్తది. ఈ డబ్బాల మచ్చనే ఉండదు."

నేను ఆయన దగ్గర చేరింది మా ఇంటి పటానికి ప్రింటు తీయించుకోవడానికి వెళ్లి. కరెంటు పోయింది. వచ్చేదాకా కూర్చోమన్నారు. అలా కూర్చున్నవాణ్ని మళ్లీ లేవలేదు. ఆయన నేర్పిస్తున్నానని ఎన్నడూ అనలేదు. కుర్చీ కొంచెం పక్కకు జరిపేవారు. నాకు తెర కనబడేది.

రానురాను ఆయనకు ఇంకో పని తగిలింది. వేరే వాళ్లు గీసిన ఫైళ్లు మరీ పెద్దవైపోయి, తెరుచుకోకుండా మొరాయిస్తుంటే వాటిని బాగుచేయడం. వనపర్తి నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి కూడా పెన్‌డ్రైవు జేబులో వేసుకుని వచ్చేవారు. ఒకసారి నాగర్‌కర్నూల్ ఇంజనీరు పిల్లవాడొకడు వచ్చి, "ఉస్తాద్, రెండు రూముల ఇల్లు. తెరిస్తే సిస్టమ్ పండుకుంటుంది. పరేషాన్ అయితున్న" అన్నాడు.

"రెండు రూములల్ల ఏం పెట్టినవ్ బిడ్డా, ఊరంత తెచ్చి పెట్టినవా?"

తెరిచి చూస్తే నిజంగానే అంత పనీ జరిగింది. ఏదో నగరం బంగళా పటం తెచ్చి, అందులోవన్నీ తుడిచి, దాంట్లోనే ఈ ఇల్లు గీశాడు. మా దిక్కు చాలామంది అంతే. ఖాళీ కాగితంతో మొదలుపెట్టరు, పాత పటాన్ని తుడిచి వాడుకుంటారు. పైకి తుడిచినట్టే ఉంటుంది గాని, వాడుకున్న బొమ్మలన్నీ ఫైలు కడుపులో అలాగే ఉంటాయి. ఉస్తాద్ ఒక్కొక్కటే చదువుతూ పోయారు. "సోఫాలు. ఖర్జూరం చెట్లు. కార్లు. గిదేంది... ఈతకొలను. నీ ఓనర్‌కు ఎరుకనా, ఆయన ఇంట్ల ఈతకొలను ఉన్నదని?" ఆ పిల్లవాడు కూడా నవ్వాడు. నవ్వు అయ్యేలోపు ఫైలు తేలికైపోయింది.

ఆయన పద్ధతి ఒకటే. ముందు పటాన్ని మొత్తంగా చూపమని కంప్యూటర్‌ను అడిగేవారు. ఇల్లు చుక్కంత చిన్నదై ఓ మూలకు పోయిందంటే, ఎక్కడో కోసుల దూరంలో తెలియక పడిన గీత ఏదో ఉన్నట్టు. అది దొరక్కపోతే పటాన్ని రెండు సగాలు చేసి, ఏ సగం బరువుందో చూసి, దాన్ని మళ్లీ సగం చేసేవారు. "మొత్తం చూస్తే భయమైతది. సగం సగం చేస్తే యాడ దాక్కున్నా దొరుకుతది" అనేవారు. దుకాణం తెరవగానే మెడలో రుమాలుతో తెర తుడిచేవారు. మూసేటప్పుడు అదే రుమాలు కంప్యూటర్ డబ్బా మీద కప్పి పోయేవారు. గళ్ల రుమాలు, రంగంతా వెలిసిపోయింది. ఇంటికి పోయేటప్పుడు మెడ బోసిగా ఉండేది.

ఇక ఆ ఊరి సంగతి. పేరు రాయను. రిజర్వాయరు కింద మునిగే ఊరు. ఇళ్లు పోయే వాళ్లకు వేరే చోట ప్లాట్లు ఇస్తారు. ఏ ఇల్లు ఎవరిదో తేల్చే పటం ఒకటి తయారైంది. దాన్ని గీసింది మేము కాదు, సర్వే కాంట్రాక్టరు ఒకాయన. ఆ ఫైలు ఎక్కడా తెరుచుకోకపోతే మా దగ్గరకు తెచ్చాడు. ఊరిలో ప్రతి రాయి, ప్రతి స్తంభం, ప్రతి అడుగు నేల ఎత్తు దాంట్లో ఉన్నాయి. తెరిస్తే మా కంప్యూటర్ చాలాసేపు ఉలుకూ పలుకూ లేకుండా నిలబడిపోయింది. ఎట్టకేలకు తెరుచుకున్నాక ఉస్తాద్ ఎప్పుడూ చేసే పనులే చేశారు. చివరగా, ఒకదాని మీద ఒకటి పడిన గీతలుంటే తీసేయమన్నారు. అలాంటి గీతలు ప్రతి ఫైల్లో ఉంటాయి, అవి చెత్త. కంప్యూటర్ తీసేసింది. తెర మీద ఏమీ మారలేదు. ఊరు ఎలా ఉన్నదో అలాగే ఉంది. ఫైలు మాత్రం చిన్నదైపోయింది. కాంట్రాక్టరు మిర్చీలు తెప్పించాడు.

మా దిక్కు అన్నదమ్ములు వేరుపడితే ముందు వేరయ్యేది పొయ్యి. గోడ తర్వాత. కొన్ని ఇళ్లలో ఆ గోడ ఎన్నటికీ లేవదు. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు మండుతుంటాయి. సర్వే చేసినవాళ్లు అలాంటి ఇంటికి ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఇంటి చుట్టూ ఒక గీత గీసి దాంట్లో అన్న పేరు, నంబరు దాచారు. సరిగ్గా దాని మీదనే ఇంకో గీత గీసి తమ్ముడి పేరు, నంబరు దాచారు. ఆ పేర్లు పైకి కనబడవు, గీతను ముట్టుకుంటేనే చూపిస్తాయి. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. చెప్పాలని వాళ్లకూ తోచలేదేమో.

మేము సాఫ్ చేసిన పటం నుంచి తీసిన జాబితా ఊరిలో చదివినప్పుడు పేర్లు లేనివాళ్లు లేచి కొట్లాడారు. వాళ్లందరి పేర్లూ చేతితో రాసి చేర్చారు. లేచి కొట్లాడటానికి ఊర్లో లేనిది ఒక్కడే. అలాంటి ఒక ఇంటి ఇద్దరన్నదమ్ముల్లో చిన్నవాడు. భార్యతో కలిసి పూనాలో మేస్త్రీ పనికి పోయి ఉన్నాడు. వచ్చేసరికి గడువు దాటిపోయింది.

అతను మా దుకాణానికి వచ్చిన మధ్యాహ్నం నాకు బాగా గుర్తు. నలభై ఏళ్లుంటాయి. లోపలికి రాలేదు, మెట్టు మీదే నిలబడి అడిగాడు.

"మా ఊరి పటం గీసింది ఈ దుకాణమేనా?"

"గీసింది మేం కాదు. సాఫ్ చేసింది మేము" అన్నారు ఉస్తాద్. "ఏమైంది, లోపలికి రా."

"సాఫ్ అంటే ఏంది సారూ?"

ఉస్తాద్ ఫైలు తెరిచి అతని వీధి వెతికి చూపించారు. "ఇగో, ఇది మీ అన్న ఇల్లు."

"అది నా ఇల్లు గూడ."

"గదెట్ల?"

"పడమటి దిక్కు మా వదిన పొయ్యి. తూర్పు దిక్కు మాది. నడుమ గోడ లేదు, గోనెపట్టా కట్టుకున్నం."

ఉస్తాద్ గీతను ఒకసారి నొక్కారు. అన్న పేరు వచ్చింది. మళ్లీ నొక్కారు. మళ్లీ అన్న పేరే వచ్చింది. ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టడం చూశాను. దాచిపెట్టడానికి దారి లేక కాదు. కాంట్రాక్టరు తప్పని ఒక్క మాట అంటే ఆ మనిషి అటే పోయేవాడు. ఉస్తాద్ అనలేదు.

"నేనే తుడిసిన" అన్నారు. "తెల్వక తుడిసిన."

చిన్నవాడు చాలాసేపు తెరనే చూశాడు. కోపంగా లేడు. అలిసిపోయి ఉన్నాడు. "నేను పూనాల మందికి ఇండ్లు కడుతున్న సారూ. మీరు కూసున్న తాన్నే నా ఇల్లు తుడిసిన్రు. చీపురన్న సప్పుడు జేస్తది" అన్నాడు.

ఆ మాట ఉస్తాద్ తర్వాత ఎన్నిసార్లు అనుకున్నారో. తెర ముందు కూర్చుని, ఎవరితోనూ కాకుండా, "చీపురన్న సప్పుడు జేస్తది" అనేవారు. అప్పటినుంచి ఏ ఫైల్లో గాని ఏదైనా తీసేసే ముందు ఆగి, "ఇది ఎవరిది?" అని అడిగేవారు. ఖర్జూరం చెట్టునైనా సరే, కారునైనా సరే. వచ్చినవాళ్లు తమను అడుగుతున్నారనుకుని జవాబు చెప్పేవారు.

తుడిచింది తానేనని కాగితం రాసి, సంతకం పెట్టి, ప్లాట్లు ఇచ్చే ఆఫీసులో ఇచ్చారు. సాఫ్ చేయకముందు పటం చూపిస్తే గాని ఏమీ చేయలేమన్నారు వాళ్లు. కాంట్రాక్టరు దుకాణం ఎత్తేశాడు, అతని ఫోను పలకలేదు. మా దగ్గర ఆ పెద్ద ఫైలు నకలు ఉంది. ఏదైనా ముట్టుకునే ముందు నకలు తీసి పెట్టడం ఉస్తాద్‌కు మొదటినుంచీ అలవాటు. కాని ఈసారి అది తెరుచుకోలేదు. ఫైలు చెడిపోయిందని చెప్పి కంప్యూటర్ ఆగిపోయేది.

"ఇన్నేండ్లు బరువు దించుడే చేసినం" అన్నారాయన. "ఈసారి దించొద్దు సావుకార్. బరువు బరువుగనే లేపాలె."

అప్పటికే ఆయన కిడ్నీలు పాడయ్యాయి. వారంలో కొన్ని రోజులు దవాఖానలో రక్తం కడిగే మిషను దగ్గర పడుకోవాలి. మిగిలిన రోజులు దుకాణానికి వచ్చి ఆ ఫైలు ముందు కూర్చునేవారు. మిషను దగ్గర నుంచి వచ్చిన రోజు మనిషి బూడిద రంగులో ఉండేవారు. వద్దంటే వినేవారు కాదు. "నన్ను గూడ సాఫ్ చేస్తుండ్రు. దుమ్మే పోతుందో, ఇంకేమన్న పోతుందో చూసెటోడు లేడు" అనేవారు. దాహమైనా నీళ్లు తాగకూడదు. తడిబట్టతో పెదాలు అద్దుకుని మళ్లీ తెర వైపు తిరిగేవారు.

ఇంటి దగ్గర ఆయన భార్య నన్ను కోప్పడింది. "ఆ డబ్బా బంద్ చెయ్ భాయ్. దాంతోటే పోతడీన." నేను ఆ మాట చేరవేస్తే, "ఆమెకు పొయ్యి ఉంది కదా, అందుకే అట్లంటది" అన్నారు.

నెలలు గడిచాయి. ఆ లోపు ఊరు ఖాళీ చేయించారు, నీళ్లు వచ్చాయి. చిన్నవాడు భార్యాపిల్లలతో అన్న ప్లాట్లో రేకులు వేసుకుని ఉన్నాడు. ఆడవాళ్లకు పడటం లేదు. అన్న కొడుకులు ఎదిగారు, వాళ్లకూ చోటు కావాలి. ఎప్పుడన్నా గద్వాలకు వస్తే దుకాణంలో వచ్చి కూర్చునేవాడు. మొదట్లో ఉస్తాద్ అతని మొహం చూడలేకపోయేవారు. తర్వాత్తర్వాత ఇద్దరూ ఒకే చాయ్‌ను సగం సగం తాగేవారు. ఉస్తాద్‌కు గుక్కెడే గాని తాగే వీలు లేదు, మిగతాది అతనికి ఇచ్చేవారు.

"అయితదా సారూ?"

"ఊరు మొత్తం లేస్తలేదు. సగం సగం చేసి లేపుతున్న."

నకలుకు నకలు తీసి, ఒక్కో ముక్కనే ఖాళీ పటంలోకి లాగుతూ, ఏ ముక్క దగ్గర ఆగిపోతున్నదో చూస్తూ పోయారు. చెడింది ఊరు కాదు. పటం కింద మూలన అంటించిన కాంట్రాక్టరు కంపెనీ బొమ్మ. పూలు, చక్రాలు ఉన్న ముద్ర. దాని దగ్గరకు రాగానే కంప్యూటర్ చచ్చిపోతున్నది. ఉస్తాద్ తెరకేసి, "ఇది ఎవరిది?" అని అడిగారు. అడిగి తనే నవ్వారు. ఎన్ని నెలలకో నవ్వు చూశాను. "దీనికి పొయ్యి లేదు. వదిలెయ్."

దాన్ని పక్కకు పెట్టి తెరిస్తే మా పాత కంప్యూటర్లో, ఆ పాత ప్రోగ్రాములోనే, ఊరంతా లేచింది. వేరే ఏ మిషను మీదా లేవలేదు. చిన్నవాడు ఆ రోజు అక్కడే ఉన్నాడు. ఉస్తాద్ అతని ఇంటి గీత మీద నొక్కారు. అన్న పేరు. మళ్లీ నొక్కారు. తమ్ముడి పేరు.

"ఇంకోసారి నొక్కు సారూ" అన్నాడతను.

నొక్కారు. అన్న. ఇంకోసారి. తమ్ముడు. అతను అడుగుతూనే ఉన్నాడు, ఈయన నొక్కుతూనే ఉన్నారు. నేను బయటకు వచ్చి మెట్టు మీద నిలబడ్డాను.

ఆఫీసులో అడిగితే, కంప్యూటర్ తెచ్చి చూపించండని ఒక రోజు పెట్టారు. అల్లుడు వంతెన మీద చెప్పింది ఆ రోజు గురించే. అది రాకముందే ఉస్తాద్ వెళ్లిపోయారు.

ఖబ్రస్తాన్‌కు చిన్నవాడు కూడా వచ్చాడు. దూరంగా, గోడ పక్కన నిలబడ్డాడు. అందరూ వంగి గుప్పెడు గుప్పెడు మట్టి ఇస్తున్నారు. తను ఇవ్వొచ్చో లేదో అతనికి తెలియదు. ఉస్తాద్ అల్లుడే అతన్ని చూసి, "రా అన్నా, నువ్వు గూడ ఇయ్యి" అన్నాడు. వచ్చి ఇచ్చాడు. చేతులు దులుపుకోకుండా అలాగే నిలబడిపోయాడు.

ఆఫీసువాళ్లు పెట్టిన రోజున నేను, చిన్నవాడు కంప్యూటర్‌ను ఆటోలో తీసుకెళ్లాం. డబ్బాను ఉస్తాద్ రుమాల్లో చుట్టి అతను ఒడిలో పెట్టుకున్నాడు. ఆఫీసులో ఫైలు తెరుచుకునేలోపు గుమాస్తా రెండుసార్లు బయటకు పోయి వచ్చాడు. తెరుచుకుంది. నొక్కాను. అన్న. నొక్కాను. తమ్ముడు. గుమాస్తా మంచివాడే. దగ్గరకు వచ్చి తనూ నొక్కి చూసుకున్నాడు. "ఉన్నది. నిజమే" అని రాసుకున్నాడు. పైకి పంపాలి కాబట్టి ఫైలు కావాలన్నాడు. ఎక్కించబోతే ఎక్కలేదు.

"ఇంత పెద్దగున్నదేంది? మా దాంట్ల పట్టది. జర చిన్నగ చేసి తేరాదుండ్రి" అన్నాడు.

నేను ఎక్కువ మాట్లాడేవాణ్ని కాదు. "సార్, చిన్నగ చేస్తెనే ఈయన ఇల్లు పోయింది" అన్నాను.

గుమాస్తా తను రాసుకున్న కాగితం మడిచి పెట్టాడు. "అయితే డబ్బానే పెట్టిపోండ్రి. పెద్దసారు వచ్చినప్పుడు చూస్తడు."

నేను చిన్నవాడి వైపు చూశాను. అతను డబ్బా వైపు చూశాడు. పెట్టేసి వచ్చాం. కాగితాలుండే గదిలో, అలమరా పక్కన నేల మీద పెట్టించారు. అప్పుడే ఆపాం కాబట్టి చేతికి ఇంకా వెచ్చగానే తగిలింది. అతను రుమాలు విప్పి, డబ్బా మీద కప్పి, అంచులు కిందికి లాగి సరిచేశాడు.

పెద్దసారు ఇంకా చూడలేదు. ఈ నాలుగు మాటలు రాసేనాటికీ జవాబు రాలేదు. ఉస్తాద్ ఉండి ఉంటే రోజూ పోయి అడిగేవారు. ఇప్పుడు నేను పోతున్నాను, నాకు చేతనైనట్టు. దుకాణంలో ఆయన బల్ల మీద ఆ డబ్బా ఉండే చోటు చదరంగా, దుమ్ము లేకుండా ఉండేది. ఇప్పుడు దుమ్ము పట్టింది.

మొన్న చిన్నవాడు గద్వాలకు వస్తే ఇద్దరం కలిసి వెళ్లాం. గుమాస్తా గది చూపించి తన పనిలో పడ్డాడు. అది అందరూ చెప్పులతోనే తిరిగే గది. చిన్నవాడు గడప దగ్గర ఆగి చెప్పులు విడిచాడు. లోపలికి పోయి, రుమాలు తీసి గుమ్మం బయట దులిపి, మళ్లీ కప్పాడు. కాసేపు దాని పక్కన నేల మీద కూర్చున్నాడు.